ఈ ఆట ఆడదగినదేనా?

పిల్లలూ, ఒక కారు పారిపోతూ ఉంటుంది, నాలుగైదు కార్లు దాన్ని తరుముతూ ఉంటవి. దొరికితే ఆట అయిపోతుంది. దొరకకపోతే ఇంకొంచెంసేపు సాగుతుంది. మీలో చాలామంది ఇటువంటి ఆట ఏదో ఒకటి తెర మీద ఆడే ఉంటారు. మీరు ఆడుతూ ఉండగా వంటింట్లో నుంచి అమ్మో, వీధిగదిలో నుంచి నాన్నో "ఎంతసేపురా ఆ పాడు ఆట!" అని కేక వేసే ఉంటారు. "ఇంకొక్క నిమిషం!" అని మీరూ అనే ఉంటారు. ఇందులో న్యాయం ఎవరి వైపున ఉన్నది?

ఆటను చూడకుండా తీర్పు చెప్పకూడదు. పెద్దవాళ్లు తెర మీది ఆటలన్నిటినీ ఒకే గాట కట్టేస్తారు. పిల్లలేమో తమకు నచ్చిన ఆటకల్లా వత్తాసు పలుకుతారు. పుస్తకాలలో మంచివీ చెడ్డవీ ఉన్నట్టే ఆటలలోనూ ఉన్నవి. నేను ఏళ్ల తరబడి పరీక్ష కాగితాలు దిద్దినవాణ్ణి. కాబట్టి ఒక్క ఆటను తీసుకొని, కాగితం దిద్దినట్టుగానే దిద్ది చూద్దాం.

ఆ ఆట పేరు ర్యాలీ-ఎక్స్. జపానులోని నామ్కో అనే కంపెనీ 1980లో దాన్ని తయారుచేసింది. అమెరికాలో మిడ్‌వే అనే కంపెనీ అమ్మింది. అప్పట్లో ఇది బీరువా అంత పెట్టెలో ఉండేది. నాణెం వేస్తే తెర వెలిగి ఆట మొదలయ్యేది. ఇప్పుడు పాత ఆటలను గుదిగుచ్చి సంపుటాలుగా అమ్ముతున్నారు. అటువంటి సంపుటంలోనే మా మనవడు దీన్ని ఇంట్లో టెలివిజను మీద ఆడాడు. నేను పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని చూశాను.

ఆట వివరం చెబుతాను, వినండి. నీలం కారు మీది. పెద్ద తోటలో పొదలు కత్తిరించి చేసిన చిక్కుదారుల వంటి దారులలో మీ కారు పోతూ ఉంటుంది. ఆ దారులలో అక్కడక్కడ పది పసుపు జెండాలు ఉంటవి. పదీ ఏరుకుంటే ఒక రంగం గెలిచినట్టు. ఏరుకోనివ్వకుండా ఎర్రకార్లు వెంటపడతవి. ఎర్రకారు తగిలినా, దారిలో పడి ఉన్న బండరాయి తగిలినా మీ కారు పోయినట్టే. కారుకు బ్రేకు లేదు. గోడ ఎదురైతే తనంతట తానే ఏదో ఒక పక్కకు తిరిగిపోతుంది గాని, మీరు ఆలోచించుకొనేదాకా ఆగదు.

నడపటానికి ఒక పిడి, నొక్కటానికి ఒక మీట, అంతే సరంజామా. మీట నొక్కితే కారు వెనక పొగ వస్తుంది. ఆ పొగలో చిక్కుకున్న ఎర్రకారు కాసేపు కళ్లు తిరిగినట్టు నిలబడిపోతుంది. బాగానే ఉన్నది గదా అని ఊరికే పొగ వదలటానికి వీల్లేదు. పొగ వదిలినప్పుడల్లా కొంత పెట్రోలు ఖర్చవుతుంది. ఎలాగూ కారు నడుస్తున్నకొద్దీ పెట్రోలు తగ్గుతూనే ఉంటుంది. అది కాస్తా అయిపోతే కారు కుంటుతుంది, పొగ రానే రాదు. ఇక ఎర్రకార్లకు పండుగే.

ఇంతవరకు విని, ఇందులో గొప్పేమున్నదని మీరు అడగవచ్చు. గొప్ప ఇక్కడ ఉన్నది. ఆ చిక్కుదారులు తెర కన్న చాలా పెద్దవి. తెర మీద మీకు కనిపించేది మీ కారు చుట్టూ ఉన్న కొద్ది భాగమే. మిగతా సంగతి తెలియటానికి తెరకు కుడిపక్కన ఒక చిన్న పటం పెట్టారు. దానిని వాళ్లు రాడార్ అన్నారు. ఆ పటంలో జెండాలు చుక్కలుగా కనిపిస్తవి, ఎర్రకార్లు ఎర్రచుక్కలుగా కనిపిస్తవి, మీ కారూ ఒక చుక్కే. అయితే అందులో గోడలు కనిపించవు, రాళ్లు కనిపించవు!

అంటే ఏమిటన్నమాట? పటం దిక్కు చెబుతుంది, దారి చెప్పదు. పెద్ద తెర దారి చెబుతుంది, దూరాన ఏమున్నదో చెప్పదు. ఒక్క పటాన్నే చూస్తూ పోయినవాడు రాతికి కొట్టుకుంటాడు. ఒక్క తెరనే చూస్తూ పోయినవాడు ఎర్రకార్ల నడుమకు పోయి పడతాడు. రెంటినీ చూస్తూ, రెండు చోట్ల తెలిసినదాన్ని మనసులో ఒకచోట కలుపుకోవాలి, అదీ కారు ఆగకుండా పోతూ ఉండగా. మీ భూగోళం పటంలో నదికి అవతల ఒడ్డున ఉన్న ఊరు వేలెడు దూరంలో ఉన్నట్టే ఉంటుంది. వంతెన ఎక్కడున్నదో తెలియనివాడికి ఆ ఊరు వేలెడు దూరమా, రోజంతా నడకా? పటం చదవటం రావాలని తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని సంగతి ఈ ఆటలో పిల్లవాడికి పది నిమిషాలలో అర్థమైంది. నేను చూశాను.

రాడార్ అన్న మాట వచ్చింది గనుక ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. నిజమైన రాడార్ విమానాశ్రయాలలోనూ ఓడలలోనూ ఉంటుంది. అది రేడియో తరంగాలను పంపుతుంది. అవి ఎదురుగా ఉన్న వస్తువుకు తగిలి, బావిలో వేసిన కేక తిరిగి వచ్చినట్టు తిరిగి వస్తవి. ఆ తరంగాలు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతవి. పంపినది సెకనులో వెయ్యోవంతు కాలానికి తిరిగి వస్తే, పోయిరావటానికి 300 కిలోమీటర్లు, అంటే వస్తువు 150 కిలోమీటర్ల దూరాన ఉన్నదన్నమాట. ఆటలోని రాడార్‌కు ఈ తరంగాలతో పనిలేదు. ఏ కారు ఎక్కడున్నదో యంత్రానికి ముందే తెలుసు. తెలిసినదానిలో మీకు ఎంత చూపించాలో, ఎంత దాచాలో నిర్ణయించటమే ఆట కట్టినవాడి తెలివి.

సరే, ఇప్పుడు మార్కుల సంగతి. నేను ఏ ఆటకైనా పెట్టే పరీక్ష ఒక్కటే. ఓడిపోయిన పిల్లవాణ్ణి పిలిచి, "ఎందుకు ఓడిపోయావు?" అని అడుగుతాను. జవాబును బట్టి మార్కులు పిల్లవాడికి కాదు, ఆటకు వేస్తాను.

మా మనవడు మొదటిసారి ఓడినప్పుడు అడిగాను.

"ఎర్రకారు గుద్దింది, తాతయ్యా" అన్నాడు.

"గుద్దింది సరే, ఎందుకు గుద్దింది?"

"అది మోసం చేస్తున్నది!"

ఈ జవాబుకు సున్నా వేసి, మళ్లీ ఆడమన్నాను. మూడోసారో నాలుగోసారో ఓడినప్పుడు, "పెట్రోలు అయిపోయింది" అన్నాడు. ఎందుకు అయిపోయిందంటే, "భయమేసి ఊరికే పొగ వదిలాను" అన్నాడు. ఇది నయం. ఆ తరువాత ఒకసారి, నేను అడగకముందే ఇటు తిరిగి, "రెండు ఎర్రచుక్కలు వెనక ఉన్నవని పటంలో చూసి ఖాళీగా ఉన్న పక్కకు తిప్పాను తాతయ్యా. అక్కడ రాయి ఉన్నది. రాయి పటంలో కనపడదు గదా!" అన్నాడు.

ఆ ఆటకు నేను ఎక్కువ మార్కులు వేసింది అక్కడే. ఓడినవాడు తన ఓటమికి కారణం తాను చెప్పగలిగాడు, ఆ కారణం కూడా నిజమైనదే. ఇక రెండోసారి ఆడటంలో అర్థమున్నది.

మన ఆటలకూ ఇదే పరీక్ష పెట్టి చూడండి. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినవాణ్ణి ఎందుకు ఓడావని అడిగితే ఏమంటాడు? పందెం అలా పడింది అంటాడు. అందులో వాడి తప్పూ లేదు, ఒప్పూ లేదు. బామ్మా, మూడేళ్ల మనవరాలూ సరిసమానంగా కూర్చొని ఆడుకోవటానికి అంతకన్న మంచి ఆట లేదు గాని, దానిలో నేర్చుకొనేది మాత్రం తక్కువ. అదే పులిజూదం చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలవాడు ఓడితే రాత్రి పడుకొన్న తరువాత కూడా, "ఆ మూల మేకను కదపకుండా ఉండవలసింది" అనుకుంటాడు. ర్యాలీ-ఎక్స్ పులిజూదం వంశానికి చెందినది. తొందర మాత్రం ఎక్కువ.

ఇక ఇది ఇంత పొట్టి ఆట ఎందుకయింది? కొత్తవాడు నిమిషమో రెండు నిమిషాలో ఆడేసరికి ఆట కట్టు. దీనికి కారణం కళ కాదు, వ్యాపారం. అమెరికాలో ఇటువంటి పెట్టెలో 25 సెంట్ల నాణెం వేసేవారు. ఆడేవాడు ఎంత త్వరగా ఓడితే అంత త్వరగా ఇంకొక నాణెం పడుతుంది. అందుకని రంగం మారినకొద్దీ ఎర్రకార్లు పెరుగుతవి. యజమాని ఆశ ఏదైనా, పిల్లలకు మాత్రం దానివల్ల రెండు మేళ్లు కలిగాయి. ఒకటి, ఆటకు ముగింపు ఉన్నది. రెండు, ఒకడి వంతు అయిపోగానే ఇంకొకడి వంతు వస్తుంది. ఆ రెండోవాడు ఆడుతూ ఉండగా మొదటివాడు వెనక నిలబడి చూస్తాడు. చేతిలో పిడి లేనప్పుడు కళ్లు బాగా పనిచేస్తవి. మా ఇంట్లో మూడు కార్లు పోతే వంతు అయిపోయినట్టు లెక్క. మనవడు పిడిని చెల్లెలికి ఇవ్వాలి. నిజం చెప్పాలంటే రాళ్ల సంగతి మొదట కనిపెట్టింది ఆ పిల్లే, వెనక నిలబడి.

ఇప్పుడు ఫోనులలో ఉచితంగా వచ్చే తరుముడు ఆటలు చాలా ఉన్నవి. వాటిలో చాలావాటికి అంతూ పొంతూ లేదు. కారు పోగానే, "ఈ ప్రకటన చూస్తే ఇంకొక ప్రాణం ఇస్తాము" అంటవి. "రేపు తప్పకుండా వస్తే బహుమతి" అంటవి. ఉచితంగా ఇచ్చేవాడికి డబ్బు ఎలా వస్తుంది? మీరు ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు, అంత రాబడి. ఆ రోజుల్లో పెట్టె యజమాని మీరు త్వరగా ఓడాలని కోరుకొన్నాడు. ఈ రోజుల్లో ఆట యజమాని మీరు అసలు లేవకూడదని కోరుకొంటున్నాడు. ఇద్దరిలో మొదటివాడే నయమని నా అభిప్రాయం.

మా వీధిలో ఒక తల్లి ఇటువంటి ఆట బాధ పడలేక ఫోనును బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్లవాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆమె వాణ్ణి వెంటబెట్టుకొని వచ్చి, "మాస్టారుగారూ, అసలు ఏ ఆటా వద్దని చెప్పండి వీడికి" అన్నది. నేను వాణ్ణి నా ప్రశ్నే అడిగాను: "ఎందుకు ఓడిపోతున్నావురా?"

"మా స్నేహితుడు డబ్బు పెట్టి పెద్ద కారు కొన్నాడండీ. నా దగ్గర చిన్న కారే ఉన్నది" అన్నాడు వాడు.

"మరి గెలవాలంటే ఏం చెయ్యాలి?"

"నేనూ కొనాలండీ."

ఆ తల్లి నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. ఓటమికి కారణం నాన్నగారి జేబులో ఉన్నప్పుడు పిల్లవాడు నేర్చుకొనేది ఏమున్నది? ఆ ఆటకు సున్నా వేశాను. అన్ని ఆటలకూ సున్నా వెయ్యలేదు. వాడు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి, మా పిల్లలతోపాటు వంతులు వేసుకొని నీలం కారు నడుపుతున్నాడు. మూడు కార్లు పోతే లేస్తున్నాడు. మొదట్లో లేవటానికి కాస్త గునిసేవాడు సుమా.

తల్లిదండ్రులు చూడవలసినది ఇంకొకటి ఉన్నది. ఆట పిల్లవాడి చేత ఏం చేయిస్తున్నది? 1976లో అమెరికాలో ఎక్సిడీ అనే కంపెనీ డెత్ రేస్ అనే ఆటను తెచ్చింది. అదీ కారుతో తరిమే ఆటే. అయితే అందులో తరిమేది మీరు, పారిపోయేవి మనుషుల ఆకారంలో ఉన్న చిన్న బొమ్మలు. కారుతో గుద్దితే బొమ్మ కీచుమంటుంది, ఆ చోట సమాధి గుర్తు ఒకటి వెలుస్తుంది, మీకు ఒక పాయింటు వస్తుంది. అవి మనుషులు కావు, పిశాచాలని కంపెనీవాళ్లు చెప్పుకొన్నారు. జనం ఒప్పుకోలేదు. పత్రికలలోనూ టెలివిజనులోనూ పెద్ద గొడవ అయింది. ఆ నాటి తెర మీది బొమ్మలు నాలుగు తెల్లగీతలకన్న ఎక్కువ కావు. అయినా గొడవ బొమ్మ గురించి కాదు గదా, పని గురించి. ర్యాలీ-ఎక్స్‌లో మీరు ఎవరినీ చంపరు. మీ ఆయుధం పొగ. పొగ తగిలినవాడు కాసేపు ఆగి మళ్లీ వెంటపడతాడు. దాగుడుమూతలలో ఉన్నపాటి క్రౌర్యం కూడా అందులో లేదు.

మరి లోపాలు లేవా అంటే, ఉన్నవి. ఎర్రకార్లు ఎందుకు తరుముతున్నవో, జెండాలు ఎవరివో ఆట చెప్పదు. కథ కావలసిన పిల్లలకు ఇది చప్పగా ఉంటుంది. కొత్తవాడి మీద ఏమాత్రం దయ చూపదు. ఆట నడుస్తున్నంతసేపూ ఒకటే పాట మోగుతూ ఉంటుంది. అలా ఆగకుండా పాట వినిపించిన తొలి ఆటలలో ఇది ఒకటని పేరు. పేరు మాట ఎలా ఉన్నా, అరగంట వినేసరికి పక్కగదిలో ఉన్నవాళ్లకు తలనొప్పి తప్పదు. చప్పుడు తగ్గించి ఆడుకోండి. 1981లో ఆ కంపెనీయే దీన్ని కొంత సులభం చేసి, పాట మార్చి, న్యూ ర్యాలీ-ఎక్స్ అని తెచ్చింది. పదేళ్లలోపు పిల్లలు దానితో మొదలుపెట్టడం మంచిది.

నామ్కో కంపెనీయే అదే 1980లో పాక్-మాన్ అనే ఆటను కూడా తెచ్చింది. ఆ ఏడు అమెరికాలో జరిగిన ప్రదర్శనలో రెంటినీ చూసిన వర్తకులు ర్యాలీ-ఎక్స్ గెలుస్తుందనే అనుకొన్నారని ఒక కథ చెప్పుకుంటారు. కథలో నిజమెంతో గాని, ప్రపంచమంతా పేరు తెచ్చుకొన్నది పాక్-మానే. అంతమాత్రాన నేను వేసిన మార్కులు మార్చను.

వందకు ఎన్ని వేశారని మా మనవడు అడిగాడు. 70 వేశాను. "ఇంకో 30 ఎందుకు తీసేశారు?" అన్నాడు. ఇప్పుడే చెప్పిన లోపాలకు 20. మిగిలిన 10 దానిది ఒకే తరహా ఆట గనుక. ఏడెనిమిది రోజులు ఆడితే అందులోని కిటుకులు చాలావరకు పట్టుబడతవి. ఆ తరువాత ఆడేది వేళ్లే గాని బుర్ర కాదు.

అయితే లెక్కలంటే ఇష్టమున్నవాడికి మాత్రం అందులో ఇంకొక విందు ఉన్నది. మొదటి జెండాకు 100 పాయింట్లు, రెండోదానికి 200, మూడోదానికి 300, ఇలా పదోదానికి 1,000. మొత్తం ఎంత? మొదటిదీ చివరిదీ కలిపితే 1,100. రెండోదీ తొమ్మిదోదీ కలిపినా 1,100. ఇటువంటి జతలు అయిదు, కాబట్టి 5,500. కాని నడుమ కారు పోయిందా, లెక్క మళ్లీ 100తో మొదలు. అయిదు జెండాలు ఏరిన తరువాత ఒక కారు పోతే మొదటి అయిదుకు 1,500, తరువాతి అయిదుకు మళ్లీ 1,500. మొత్తం 3,000 మాత్రమే. పోయింది కారు ఒక్కటే కాదన్నమాట, 2,500 పాయింట్లు కూడా.

ఆ పదిలో ఒక జెండా మీద ఎస్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అది తీసుకొన్న తరువాత, కారు పోకుండా ఏరిన జెండాల విలువ రెట్టింపు. ఆ ఎస్ జెండా పాయింట్లను పక్కకు పెట్టి, మిగిలిన తొమ్మిదింటి లెక్క చూడండి. ఎస్ జెండాను అన్నిటికన్న ముందు తీసుకొంటే మిగిలినవి 200 నుంచి 1,000 దాకా, మొత్తం 5,400. రెట్టింపు చేస్తే 10,800. దాన్ని అన్నిటికన్న చివర తీసుకొంటే మిగిలినవి 100 నుంచి 900 దాకా, రెట్టింపు లేకుండా 4,500. అవే తొమ్మిది జెండాలు, అదే పెట్రోలు. ఏరిన వరస ఒక్కటే తేడా.

మరి ఎస్ జెండా అయిదోదిగా దొరికితే? కాగితం తీసుకొని కట్టండి. 9,000 వస్తే సరి.